నూటికి నూటముప్పది అయిదు

మహావీరుడు వంటవాడు కావడం మన సాహిత్యానికి కొత్త విషయం కాదు. బకాసురుని మట్టుపెట్టిన భీమసేనుడు విరాటరాజు కొలువులో వలలుడనే పేర గరిటె పట్టినాడు. నిషధ రాజ్యాన్ని ఏలిన నలుడు బాహుకుడై ఋతుపర్ణుని అశ్వశాలలోనూ వంటశాలలోనూ పనిచేశాడు. అయితే ఈ ఇద్దరికీ వంటపని కష్టకాలంలో కప్పుకున్న ముసుగు మాత్రమే. గడువు తీరగానే ఒకడు గద అందుకున్నాడు. ఒకడు సింహాసనం ఎక్కినాడు. అట్లా కాక, ఆయుధం దించి పిండి పిసకడానికి పూనుకొని, దానినే జీవితవృత్తిగా స్వీకరించి, మళ్ళీ యుద్ధం వచ్చినప్పుడు సైతం ఆ పిండిచేతులతోనే సేన వెంట నడిచిన మనిషి ఒకడు 18వ శతాబ్దిలో ఉండేవాడు. అతని పేరు క్రిస్టఫర్ లడ్విక్. పుట్టింది జర్మనీలో, స్థిరపడింది అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధమనగానే జార్జి వాషింగ్టను పేరు ఎవరికైనా జ్ఞప్తికి వస్తుంది. ఆ వాషింగ్టను సేనకు రొట్టె పెట్టినవాని పేరు విన్నవారు మాత్రం అరుదు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసినవారిలో ఒకడైన వైద్యుడు బెంజమిన్ రష్ ఈ లడ్వికును బాగా ఎరిగినవాడు. లడ్విక్ మరణించిన 1801లోనే అతడు ఆ రొట్టెలవాని జీవితకథను చిన్న పుస్తకంగా వ్రాసి ప్రకటించాడు. నేడు మనకు తెలిసిన వివరాలలో ఎక్కువ భాగం ఆ పుస్తకం పుణ్యమే.

నూరుగురిలో మిగిలిన పాతికమంది

లడ్విక్ 1720 అక్టోబరులో హెస్సే–డార్మ్‌స్టాట్ సంస్థానంలోని గీసెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రిది రొట్టెలు కాల్చే వృత్తి. కొడుకుకూ అదే పని నేర్పినాడు. 14వ ఏట ఆ బాలుడు రుసుము లేని ఒక ధర్మపాఠశాలలో చేరి చదవడం, వ్రాయడం నేర్చుకున్నాడు. అతని చదువంతా అంతే. ఈ చిన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ చివర దీనితో మళ్ళీ పని పడుతుంది.

17వ ఏట అతడు పిండితొట్టి విడిచి తుపాకి పట్టినాడు. ఆస్ట్రియా చక్రవర్తికి, తురుష్కులకు 1737 నుండి 1739 వరకు జరిగిన యుద్ధంలో సామాన్య సైనికుడుగా పనిచేశాడు. యుద్ధం ముగిసింది. నూరుగురు సైనికులతో కలిసి వియన్నా నగరానికి కాలినడకన బయలుదేరినాడు. దారిలో చలి పగబట్టింది. నగరం చేరకముందే ఆ నూరుగురిలో 75 మంది ప్రాణాలు విడిచారని రష్ వ్రాశాడు. మిగిలిన పాతికమందిలో లడ్విక్ ఒకడు. అక్కడినుండి ప్రాగ్ నగరానికి పోయి, అక్కడ 17 వారాల ముట్టడి అనుభవించాడు. అది పడిపోయిన తరువాత ప్రష్యా రాజు సైన్యంలో చేరినాడు. శాంతి కుదిరినంతవరకు ఆ కొలువులోనే ఉన్నాడు.

సైనికునికి శత్రువు ఎప్పుడో గాని కనిపించడు. ఆకలి మాత్రం రోజూ కనిపిస్తుంది. యుద్ధానికి పోయినవారిలో కత్తివేటుకు కూలినవారికంటె చలికి, రోగానికి, పస్తులకు కూలినవారే ఎక్కువమంది అన్నది ఆ కాలపు సైన్యాలన్నింటి అనుభవం. ముట్టడిలో చిక్కిన ఊళ్ళో రొట్టెముక్క విలువ ఎంతటిదో రొట్టెలవాని కొడుకు అక్కడ తెలుసుకున్నాడు. తండ్రి దగ్గర నేర్చినది పిండిని రొట్టెగా మార్చే విద్య. ఆ రొట్టె ఎవరికోసమో నేర్పినది సైన్యం.

సముద్రాలు దాటి అల్లపు రొట్టెకు

కొలువు విడిచిన సైనికుడు వెంటనే స్థిరపడిన గృహస్థు అయిపోయినాడని అనుకోరాదు. లడ్విక్ లండను చేరి, తూర్పు ఇండియా వర్తకపు ఓడ ఒకదానిలో రొట్టెలు కాల్చే పనికి కుదిరినాడు. మూడున్నర ఏండ్లు ఈ తూర్పు సముద్రాలలో గడిపి, 111 గినీలు, ఒక క్రౌను నాణెం జీతంగా తీసుకొని తిరిగి వచ్చాడు. తండ్రిని చూద్దామని స్వగ్రామం పోగా, తండ్రి అప్పటికే గతించినాడు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని 500 గిల్డర్లకు అమ్మి లండను వచ్చి, ఆ సొమ్మంతా హారతి కర్పూరం చేశాడు. మళ్ళీ ఓడలే గతి అయినాయి. ఈసారి రొట్టెలవాడుగా కూడా కాదు, సామాన్య నావికుడుగా హాలండుకు, ఐర్లండుకు, వెస్టిండీసు దీవులకు తిరిగినాడు.

ముప్పది యేండ్లు దాటిన తరువాత గాని అతనికి నిలకడ చిక్కలేదు. 1753లో కూడబెట్టిన 25 పౌన్లతో కుట్టిన బట్టలు కొని ఫిలడెల్ఫియాకు తీసుకొనిపోయి మంచి లాభానికి అమ్మినాడు. ఆ లాభం చేతికి రాగానే అతడు చేసిన పని గమనింపదగినది. మరికొన్ని బట్టలు కొని మరింత లాభం గడించాలని చూడలేదు. లండనుకు తిరిగిపోయి, 9 నెలలపాటు మిఠాయి పని, అల్లపు రొట్టెల పని శిష్యుడై నేర్చుకున్నాడు. చిన్ననాడు చేతికి వచ్చిన విద్యను పెద్దవాడై మళ్ళీ మొదటినుంచి సానపెట్టుకున్నాడన్నమాట. 1754లో రొట్టెల అచ్చులతో ఫిలడెల్ఫియా చేరి లెటీషియా కోర్టు అనే సందులో దుకాణం తెరిచాడు.

అల్లపు రొట్టె అంటే పిండిలో చెరకు పాకపు మడ్డి, అల్లం, సుగంధద్రవ్యాలు కలిపి, చెక్కిన కొయ్య అచ్చులో అదిమి కాల్చే తీపి రొట్టె. అచ్చులో చెక్కిన బొమ్మ రొట్టెపై తేలుతుంది. ఐరోపాలో ఇది పండుగలకూ సంతలకూ శోభ. అప్పటికి ఫిలడెల్ఫియాలోనూ చుట్టుప్రక్కల ఊళ్ళలోనూ జర్మనులు వేలసంఖ్యలో స్థిరపడి ఉన్నారు. పుట్టినదేశపు రుచి సముద్రానికి ఇవతల దొరికితే ఎవరు విడుస్తారు? దుకాణం పుంజుకున్నది. 1755లో వివాహమైంది. ఇరవై యేండ్లలో ఆయన ఆ నగరంలో 9 ఇండ్లకు, జర్మన్‌టౌన్ సమీపాన ఒక వ్యవసాయక్షేత్రానికి యజమాని అయినాడు. ఇరుగుపొరుగువారు సరసంగా ఆయనను ‘లెటీషియా కోర్టు గవర్నరు’ అని పిలిచేవారు.

మోకరిల్లిన రొట్టెలవాడు

1770 దశకంలో ఆంగ్ల ప్రభుత్వంతో వలసలకు వైరం ముదిరింది. తుపాకులు కొనడానికి ప్రజలనుండి చందాలు పోగుచేయాలన్న ప్రతిపాదన సభ ముందుకు వచ్చినప్పుడు కొందరు సందేహించారు. లడ్విక్ లేచి, తాను అల్లపు రొట్టెలు చేసుకునే పేదవాడినేననీ, తనపేర మాత్రం 200 పౌన్లు వ్రాసుకోవలసిందనీ అన్నాడు. ఆ తరువాత తర్కించినవారు లేరు, తీర్మానం నెగ్గింది.

1776 వేసవిలో, 55 యేండ్లు నిండిన ప్రాయంలో, ఆయన జీతం తీసుకోని స్వచ్ఛంద సైనికుడుగా శిబిరానికి పోయినాడు. అక్కడ తిండి సరిగా లేక సైనికులు విసిగి, ఇండ్లకు పోతామని గుంపులు కట్టినారు. వారిని దండించి ఆపడానికి అధికారులు ఉన్నారు. లడ్విక్ ఆ గుంపు ఎదుట టోపీ తీసి మోకాళ్ళపై కూర్చున్నాడు. ఊళ్ళో ఎక్కడో దూరాన నిప్పు అంటుకున్నదని వింటే, మన ఇంటిదాకా రాకుండా బిందెలు పట్టుకొని పరుగెత్తుతాము గదా, ఇదీ అటువంటిదేనని చెప్పినాడు. కొద్దిరోజులలో మంచి రొట్టె, కడుపునిండా దొరుకుతుందని మాట ఇచ్చినాడు. సైనికులు ఆగినారు. చలిలో నడిచినవాడు, ముట్టడిలో పస్తులున్నవాడు చెప్పిన మాట గనుక వారికి అది హితవుగా తోచి ఉండాలి. ఆకలితో ఉన్నవానికి దేశభక్తి బోధించేటప్పుడు రొట్టె సంగతి కూడా ఎత్తాలని తెలిసినవాడు ఆయన.

ఆంగ్లప్రభువు కూలికి తెచ్చిన జర్మను సైనికులలో ఎక్కువమంది హెస్సే దేశస్థులు. అనగా లడ్వికుకు దాదాపు ఊరివారు. ఆయన పారిపోయి వచ్చినవానివలె నటించి స్టాటెన్ దీవిలోని వారి శిబిరంలో ప్రవేశించి, పెన్సిల్వేనియాలో జర్మనులు ఎంత సుఖంగా ఉన్నారో వారికి చెప్పి వచ్చాడు. ఎనిమిదిమంది హెస్సే సైనికులు బందీలుగా చిక్కినప్పుడు, వారిని ఏంచేయాలన్న ప్రశ్నకు ఆయన సలహా ఇది: వారిని ఫిలడెల్ఫియాకు తీసుకొనిపోయి, అక్కడి జర్మనుల చర్చిలను, ఇండ్లను చూపించి, కడుపునిండా భోజనం పెట్టి, తిరిగి వారి శిబిరానికి పంపివేయండి, వారు చెప్పే కథలు విని ఎందరు ఇటు వస్తారో చూడండి. శత్రువును సైతం భోజనపాత్ర దగ్గర గెలువవచ్చునన్నది ఆ రొట్టెలవాని యుద్ధతంత్రం.

ఆ 35 పౌండ్లు ఎవరివి?

1777 మే 3న కాంగ్రెసు ఆయనను సేనలోని రొట్టెల శాఖకంతటికీ పర్యవేక్షకుడుగా నియమించింది. ఆయన అనుమతి లేనిదే ఎవ్వరూ సేనకు రొట్టెలు కాల్చరాదు. రొట్టెల విషయంలో జరుగుతున్న అక్రమాలను సరిదిద్దడం కూడా ఆయన విధులలో ఒకటి. ఆ అక్రమమేమిటో తెలిస్తేగాని లడ్విక్ గొప్పతనం తెలియదు.

1775లో కాంగ్రెసు నిర్ణయించిన దినబత్తెం ప్రకారం ప్రతి సైనికునికీ రోజుకు ఒక పౌండు రొట్టె గాని, ఒక పౌండు పిండి గాని ఇవ్వాలి. చూడడానికి రెండూ సమానంగానే ఉన్నాయి. కాని పిండి, రొట్టె ఒకటి కావు. శేరు బియ్యం వండితే శేరు అన్నమే అవుతుందని మన ఇండ్లలో ఎవరైనా అంటే నవ్విపోతారు. గింజ నీరు త్రాగి ఉబుకుతుంది. గోధుమపిండి సంగతీ అంతే. 100 పౌండ్ల పిండి కలపడానికి సుమారు 60 పౌండ్ల నీరు పడుతుంది. ముద్ద పులిసేటప్పుడు కొంత, బట్టీ వేడికి ఆవిరై కొంత తరుగు పోతుంది. అయినా రొట్టె బయటికి తీసి తూచితే, మొదటి పిండికంటె మూడోవంతుకు పైగా అధికంగా తూగుతుంది. ఆ అధికమంతా బావిలోని నీరు.

ఈ రహస్యం బట్టీ ముందు నిలిచినవానికి తెలుసు. సభలో కూర్చున్నవారికి తెలియదు. లడ్వికును పిలిచి, 100 పౌండ్ల పిండికి 100 పౌండ్ల రొట్టె ఇవ్వవలసిందని వారు ఒప్పందం ప్రతిపాదించారు. వారి దృష్టిలో అది న్యాయమైన లెక్క. ఆయన కాదన్నాడు. యుద్ధంవల్ల ధనవంతుడు కావాలన్న కోరిక తనకు లేదనీ, తనకు కావలసినంత ఉన్నదనీ చెప్పి, 100 పౌండ్ల పిండికి 135 పౌండ్ల రొట్టె ఇస్తానన్నాడు.

విద్యార్థులు ఈ లెక్కను పలకమీద వేసి చూడవచ్చును. నూటికి 135 చొప్పున వస్తే, 100 పౌండ్ల రొట్టెకు కావలసిన పిండి సుమారు 74 పౌండ్లు. నూటికి నూరు ఒప్పందమైతే, ప్రతి 100 పౌండ్లకు 26 పౌండ్ల పిండి రొట్టెలవాని కొట్టులో మిగిలిపోతుంది. 10,000 మంది సైనికులున్న శిబిరమనుకుందాము. రోజుకు తలకొక పౌండు రొట్టె. 7,400 పౌండ్ల పిండి చాలిన చోట ఆయన చేతికి 10,000 పౌండ్లు వస్తుంది. ఒక్కరోజులో మిగులు 2,600 పౌండ్లు! దీనికి దొంగలెక్క వ్రాయనక్కరలేదు, తూకంలో మోసం చేయనక్కరలేదు. ఒప్పందం అక్షరాలా నెరవేర్చి, నోరు మూసుకొని కూర్చుంటే చాలు.

లంచం కాదన్నవారిని లోకం ఎరుగును. కాని ఎదుటివారికి తెలియని లాభాన్ని, వారే చట్టబద్ధంగా చేతిలో పెడుతూ ఉండగా, ఇది మీకు తెలియదు, ఇది నాది కాదు అని చెప్పినవారు ఎందరుంటారు? వృత్తిరహస్యం తెలిసినవాని నిజాయితీకి అసలైన పరీక్ష అదే. వైద్యుడు, వకీలు, మేస్త్రి, ఉపాధ్యాయుడు – ఎదుటివారికంటె ఒక విషయం అధికంగా తెలిసిన ప్రతివాని ముందూ ఏదో ఒక రూపంలో ఆ 35 పౌండ్లు ఉంటూనే ఉంటాయి.

బట్టీ లేని శిబిరం

ఇంతటివాడు పూనుకున్నా సేనకు ఆకలి తీరిపోయిందని చెప్పడం సత్యదూరమవుతుంది. నిలిచి ఉన్న శిబిరంలో ఇటుకలతో బట్టీలు కట్టి మెత్తని రొట్టె కాల్చవచ్చును. నడిచే సేనకు అది పనికిరాదు. రెండు మూడు రోజులలో బూజు పడుతుంది. దారి బత్తెంగా నీరు పూర్తిగా ఇంకిపోయేవరకు కాల్చిన గట్టి రొట్టె కావాలి. 1777 జులైలో సేన ఫిలడెల్ఫియా వైపు కదులుతూ ఉండగా, సిద్ధంగా ఉన్న గట్టి రొట్టెలను డెలవేర్ నదిపై కోర్యెల్స్ రేవుకు పంపవలసిందని వాషింగ్టను లడ్వికుకు స్వయంగా లేఖ వ్రాశాడు. సేనాని వ్యూహం ఒకవైపు, రొట్టెలవాని బట్టీ ఒకవైపు. రెండూ ఒకే రేవు దగ్గర కలవాలి.

కాని పిండే రాకపోతే బట్టీ ఏంచేయగలదు? 1777–78 చలికాలంలో వేలీ ఫోర్జి శిబిరంలో బండ్లు రాక, సరఫరా శాఖ కుంటుపడి, సైనికులు దొరికిన పిండిలో నీళ్ళు కలిపి నిప్పుల ప్రక్క రాతిమీద కాల్చుకొని తిన్నారు. ఉప్పులేదు, పులుపులేదు, పైన మాడు, లోపల పచ్చి. దానికి వారు ‘నిప్పురొట్టె’ అని పేరు పెట్టుకున్నారు. లడ్విక్ నిజాయితీ ఒక శాఖను కాపాడింది. బండ్లను, గుర్రాలను, ఖజానాను నడపడం ఆయన చేతిలో లేదు. నిజాయితీపరుడు ఒకడుంటే అన్నీ చక్కబడతాయన్న భ్రమకు ఆ చలికాలమే సమాధానం. అతడు లేకపోతే ఇంకెంత చెడేదో అన్నది వేరే సంగతి.

ఓడినవారికి రొట్టె

ఆంగ్లసేన 1777 సెప్టెంబరు నుండి 1778 జూను వరకు ఫిలడెల్ఫియాను ఆక్రమించి ఉన్నది. ఆ రోజులలో జర్మన్‌టౌన్‌లోని లడ్విక్ ఇల్లు దోపిడికి గురి అయింది. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిసు లొంగిపోయినాడు. అప్పుడు వాషింగ్టను ఆజ్ఞపై లడ్విక్ 6,000 పౌండ్ల రొట్టె కాల్చి ఆ ఓడిన సేనకు పెట్టినాడని రష్ వ్రాశాడు. భారతయుద్ధంలో ఉభయసేనలకూ అన్నం పెట్టిన ఉడుపి రాజు కథ మన దక్షిణదేశంలో చెప్పుకుంటారు. అది కథ, ఇది జరిగిన సంగతి. ఇల్లు దోచినవారి తోటివారికి రొట్టె కాల్చిన చేతులవి.

యుద్ధం ముగిసి ఇంటికి వచ్చిన లడ్వికుకు ఉత్త గోడలు మిగిలినాయి. చేతిలో ఉన్న సొమ్ము స్వల్పం. పక్కదుప్పట్లు కొనడానికి రొక్కం లేక, అరువు తేవడం ఇష్టంలేక, కొంతకాలం గరుకు కంబళ్ళ నడుమనే పడుకున్నాడు. 1785 ఏప్రిలులో వాషింగ్టను ఆయనకు ఒక యోగ్యతాపత్రం వ్రాసి ఇచ్చాడు. ఆయన ప్రజలకు విశ్వాసపాత్రుడైన సేవకుడనీ, తన శాఖలో ఇతరులు తలపెట్టిన మోసాలను పట్టి బయటపెట్టినాడనీ, ఎంతో ప్రజాధనం మిగిల్చినాడనీ అందులో ఉన్నది. లడ్విక్ దానికి చట్రం కట్టించి ముందుగదిలో వ్రేలాడదీసుకున్నాడు. తాను పోగొట్టుకున్నదానికి అదే పరిహారమని ఆయన భావించాడు.

1793లో ఫిలడెల్ఫియాను పచ్చజ్వరం ముట్టడించింది. సుమారు 5,000 మంది మరణించారు. కాలూ చెయ్యీ ఉన్నవారు ఊరు విడిచిపోయినారు. 70 దాటిన లడ్విక్ మాత్రం ఒక రొట్టెల కొట్టుకు పోయి, కూలి తీసుకోకుండా, నగరంలో చిక్కుకున్న పేదలకోసం పిండి పిసికినాడు. ముట్టడిలో రొట్టె విలువ ఆయనకు కొత్తగా తెలియవలసింది కాదు గదా.

చివరి లెక్క

1801 జూనులో, 80వ ఏట, లడ్విక్ కన్నుమూశాడు. అప్పటికి మళ్ళీ కొంత ఆస్తి కూడబెట్టినాడు. బంధువులకు, ధర్మసంస్థలకు ఇవ్వవలసినవి ఇవ్వగా మిగిలినదానిని ఫిలడెల్ఫియాలోని పేదపిల్లల ఉచిత విద్యకు నిధిగా వ్రాసిపోయినాడు. తల్లిదండ్రులు ఏ దేశం నుండి వచ్చారు, ఏ జాతివారు, ఏ మతస్థులు అన్న విచారణ చేయరాదని మరణశాసనంలో స్పష్టంగా చెప్పినాడు. ఆ నిధి నగరంలోని ధర్మపాఠశాలల సంఘానికి చేరింది. ఆయన పేరు మీద వెలసిన సంస్థ రెండు శతాబ్దాలు దాటినా ఆ నగరపు పిల్లల చదువుకు తోడ్పడుతూనే ఉన్నది.

గీసెన్ పట్టణంలో 14 యేండ్ల బాలునికి రుసుము లేకుండా అక్షరాలు చెప్పిన ఆ పంతులు పేరు చరిత్రకు దక్కలేదు. ఆయన పెట్టిన పెట్టుబడి సముద్రాలు దాటి ఎంతగా పెరిగిందో మాత్రం పై లెక్కలో ఉన్నది. 100 పౌండ్ల పిండిమీద మిగిలిన 35 పౌండ్లను తనవి కావన్నవాడు, జీవితమంతా కష్టించగా మిగిలినదానిని కూడా తనది కాదనే అనుకున్నాడు.